ప్రేమ్‌చంద్ సారు టాప్ మోడల్

ప్రేమ్‌చంద్ సారుకు ఈ లోకంలో గిట్టని మాట ఒక్కటే, "సరిపోతుంది". ఒక వస్తువు మనిషికి సరిగ్గా సరిపోయిందంటే చాలు, దాని మీద ఆయనకు గౌరవం పోతుంది. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లామూ, సెలవులకు హాస్టల్ నుంచి వచ్చే ఒక కూతురు. ఫ్రిజ్ మాత్రం పెళ్లిళ్లకు వంటలు చేసేవాళ్లకు పనికొచ్చేంతది. అందులో ఒక పాల ప్యాకెట్, నాలుగు టమాటాలు, నిన్నటి పప్పుగిన్నె ఒకదాని మొహం ఒకటి చూసుకోలేనంత దూరంలో పడి ఉంటాయి. ఆయన ఫోను నీళ్లలో పడ్డా చెడదట. ఆయన మాత్రం నాలుగు చినుకులు పడితే బడి వరండా దిగడు. టీవీ గోడకు పెద్దదై సగం కిటికీని మూసేసింది. ఇవన్నీ చూసీ చూసీ ఆయన భార్య సుమకు నవ్వడం కూడా విసుగైపోయింది.

సారు మొగుళ్లపల్లి మండలంలో ఒక ప్రాథమిక బడిలో పంతులు. తమ తండాలో సర్కారు కొలువు కొట్టిన మొదటి మనిషి. ఆ రోజు నుంచి కన్నతండ్రి హీర్యాతో సహా అందరూ ఆయన్ను సారు అనే పిలుస్తారు. చిన్నప్పుడు హాస్టల్లో బట్టలు పంచుతుంటే తండా పిల్లల దాకా వచ్చేసరికి సరైన కొలతలవి అయిపోయేవట. మోకాళ్ల దాకా చొక్కా, లేదంటే ఊపిరాడని లాగు. "గందుకే తక్కువది నాకొద్దు" అంటాడు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు సుమ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఫ్రిజ్‌కూ ప్రతి ఫోనుకూ అదే చొక్కా తీసి చూపిస్తుంటే ఎవరికి మాత్రం ఏడుపొస్తుంది?

సుమ టేకుమట్ల మండలంలో ఏఎన్ఎం. టీకాల డబ్బా స్కూటర్ మీద పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంది. పుట్టిల్లు బయ్యారం దగ్గర ఒక తండా. ఆమె తండ్రి ధన్‌సింగ్‌కు కొడుకులు లేక కాదు, ఉన్న కొడుకులకు పొద్దెక్కేదాకా మెలకువ రాక, పదో తరగతి దాటకముందే కూతురికి బండి నేర్పాడు. వెనక మిర్చి బస్తా కట్టుకుని, తెల్లవారేసరికి మహబూబాబాద్ మార్కెట్‌లో దించిన పిల్ల ఆమె. పెళ్లయ్యాక సారు భార్య అయింది. సారు భార్య గేర్ల బండి నడిపితే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని ఇంటికి స్కూటర్ వచ్చింది. దాన్ని నడుపుతున్నంతసేపూ ఆమె ఎడమకాలు, లేని గేరు కోసం వెతుక్కుంటూనే ఉండేది.

కిందటి ఏడాది సారుకు దూరాభారాలు పోయే బండ్ల పిచ్చి పట్టింది. అన్నం ముందు కూర్చుని లడక్ వీడియోలు చూడ్డం, మంచు కొండల మధ్య ఎవడో జారిపడితే "అబ్బా, ఏం బండి!" అనడం. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, ఒకనాడు టూరింగ్ బండి కొంటానని కూర్చున్నాడు. సుమ వద్దనలేదు. ఒక్క షరతు పెట్టింది. శ్రీరామనవమికి మహారాష్ట్రలో పోహ్రాదేవి జాతర జరుగుతుంది. లంబాడీలకు అంతకు మించిన యాత్ర లేదు.

"గా జాతరకు బండి మీదనే పోవాలె. పోయేటప్పుడు నువ్వు నడుపు. వచ్చేటప్పుడు నేను నడుపుత. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న. బండి ఇద్దరిది," అన్నాడు సారు.

సుమకు కావలసింది ఆ మాటే. నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు. పెద్ద బండి హ్యాండిల్ తన చేతుల్లో ఉండగా, మొగుడు వెనక కూర్చుని ఉండగా, నలుగురూ చూస్తుండగా ఇంటికి రావాలి. దాని కోసం ఆమె ఆయన పెట్టిన లడక్ వీడియోలు కూడా పక్కన కూర్చుని చూసింది.

బండి కొనడానికి జనగామ దాకా పోయారు. మధ్యలో హన్మకొండలో అన్ని షోరూంలుండగా జనగామ ఎందుకంటే, అక్కడ శ్యాం ఉన్నాడు. శ్యాం, ప్రేమ్‌చంద్ డీఎడ్ కలిసి చదివారు. పంతులు ఉద్యోగం రాని శ్యాం బండ్లు అమ్ముకుంటూ, ఉద్యోగం వచ్చిన పంతుళ్ల మీద కసి తీర్చుకుంటున్నాడు. ఒక్క పంతులును కూడా చిన్న బండితో బయటికి పంపిన పాపాన పోలేదు.

రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి.

"ఇంజను ఒక్కటే అన్నా. గని గిది బేస్, గది టాప్," అన్నాడు శ్యాం.

"తేడా ఏంది?" అని సుమ అడిగింది. శ్యాం ప్రేమ్‌చంద్ వైపు చూస్తూ ఆమెకు జవాబు చెప్పాడు. టాప్ మోడల్ సీటు ఎత్తు. దాని కింద స్ప్రింగులు పొడుగు, రాళ్లూ గుంతలూ లెక్కచేయదు. ముందు గాలి కొట్టకుండా పెద్ద అద్దం. వెనక రెండు పక్కలా ఇనప్పెట్టెలు. తొవ్వ చూపించే తెర. అన్నిటికంటే మించి, మీట నొక్కితే హ్యాండిల్ పిడులు వేడెక్కుతాయి.

"పిడులు వేడెక్కుడు ఎందుకు?"

"లడక్ల చేతులు గడ్డకడ్తయి కద మేడమ్."

"భూపాలపల్లి ఎండకు బండి ముట్టుకుంటేనే బొబ్బలొస్తయి. దాన్ని ఇంకింత కాలవెట్టుకోవాల్నా?"

శ్యాం నవ్వాడు. ప్రేమ్‌చంద్ నవ్వలేదు. వేడి పిడుల మీద అప్పటికే ఆయన మనసు పడిపోయింది.

సుమ బేస్ బండి ఎక్కింది. రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. బరువు ఉంది కానీ చెప్పిన మాట వినే బరువు. ఎన్నేళ్ల తర్వాతో ఎడమకాలికి గేరు దొరికింది. ఆమె మొహంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

"అరే, మేడమ్‌కు సరిగ్గ సరిపోయిందన్నా! లేడీస్ కూడ మస్తు నడుపుకోవచ్చు గీ బండి," అన్నాడు శ్యాం.

అంతే, బేస్ మోడల్ కథ ముగిసింది. ఆడమనిషికి అందిన బండిని ప్రేమ్‌చంద్ సారు మళ్లీ కన్నెత్తి చూడలేదు. సుమ ఆ సీటు మీద కూర్చోకుండా ఉండి ఉంటే దానికి ఏ కొంచెమైనా ఆశ ఉండేదేమో. తనకు కావలసిన బండిని తన కాళ్లే చంపాయని ఆమెకు అక్కడే, ఆ సీటు మీదే అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

సారు టాప్ బండి ఎక్కాడు. ఎక్కాడు అనడం మర్యాద కోసం. శ్యాం పట్టుకుంటే, కాలు విసిరి, ఒకసారి పెట్టెకు తన్నుకుని, రెండోసారికి పైకి చేరాడు. సారు పొట్టి మనిషి. అది తప్పేం కాదు, కానీ ఆ సంగతి ఆయనకు తప్ప లోకంలో అందరికీ తెలుసు. కుడికాలి బొటనవేలు నేలకు అందీ అందనట్టుంది. ఎడమకాలు గాల్లో ఉంది.

"ఎట్లుందన్నా?"

"గంభీరంగ ఉంది," అన్నాడు సారు.

"కాళ్లు అందుతలేవు," అంది సుమ.

"నడుస్తుంటే స్ప్రింగులు కిందికి దిగుతయి మేడమ్," అన్నాడు శ్యాం. బండి దిగుతుందో, సారు కాళ్లు పెరుగుతాయో, రెండిట్లో ఏది ముందు జరుగుతుందో అతను చెప్పలేదు.

"మరి నేనెట్ల నడపాలె?" సుమ మొగుణ్నే సూటిగా అడిగింది. "వచ్చేటప్పుడు నాదంటివి కద?"

"నీకు స్కూటర్ ఉన్నది కద," అన్నాడు ప్రేమ్‌చంద్ గొంతు తగ్గించి. "గిది నీకు అందదు. బండి మీదికెల్లి పడితే పరేషాన్ అయితది. వచ్చేటప్పటి సంగతి అప్పుడు చూద్దాం తియ్."

ఇచ్చిన మాటను నలుగురి మధ్య అంత తేలిగ్గా మింగేసిన మనిషిని ఆమెకు గట్టిగా తిట్టాలనిపించింది. అక్కడ తిడితే శ్యాంకు పండగ అవుతుందని ఊరుకుంది. నీకు అందదు అన్న మాట మాత్రం ఆమె లోపలికి దిగి కూర్చుంది. ఎందుకంటే అది నిజమేనని ఆమే నమ్మింది.

మెడలో దండ వేసి, చేతికి అట్టముక్కతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చి ఫొటో తీశారు. ఫొటోలో సారు గుర్రమెక్కిన పెళ్లికొడుకులా ఉన్నాడు. బండి ఒరగకుండా వెనక వంగి పట్టుకున్న శ్యాం అందులో కనిపించడు.

ఇంటికి వచ్చే తొవ్వలో సుమకు బండి ప్రతాపం పూర్తిగా తెలిసింది. పోతున్నంతసేపు సారు మొనగాడే. ఆగాలంటేనే చావు. హన్మకొండలో ఎర్రదీపం పడినప్పుడల్లా ఫుట్‌పాత్ అంచు కోసం వెతికాడు. పరకాలలో అంచు దొరక్క అరటిపండ్ల తోపుడుబండి మీద కాలు పెట్టాడు. పండ్లావిడ ఎత్తుకున్న దండకం ఊరు దాటేదాకా వినిపించింది. సారు మాత్రం ఆమెకు తొవ్వ మర్యాద తెలియదన్నాడు.

ఇనప్పెట్టెల మహిమ మరో రకం. టేకుమట్ల దగ్గర ఒక రైతు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆ పెట్టెలు చూసి, బర్రెలకు సూదులేసే మనిషి వచ్చాడనుకున్నాడు పాపం.

"జర మా ఇంటిదాక రా సారూ, మా బర్రె నిన్నటిసంది ఎదకొచ్చి అరుస్తాంది."

సుమ ఆ రాత్రి అన్నం తింటూ తింటూ మళ్లీ మళ్లీ నవ్వింది. సారు కంచం ఎత్తుకుని టీవీ గదిలోకి పోయాడు.

ఫిబ్రవరిలో లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి తండా అంతా ఇంటిపట్టున ఉంది. సారు బండిని తండాకు తెచ్చాడు. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ట్రాక్టర్ కానీ, ఆటో కానీ, కొత్త బండి ఏదొచ్చినా ముందు ఇంటి పెద్దను ఎక్కించుకుని సేవాలాల్ గుడి చుట్టూ తిప్పాలి. ఆ తర్వాతే వేరే ఎవరైనా ఎక్కేది. నిజానికి సుమ ముందే ఎక్కి జనగామ నుంచి వచ్చింది. అయితే ఆడవాళ్లు ఎక్కింది ఆనవాయితీ లెక్కలోకి రాదు.

హీర్యా తలపాగా సర్దుకుని, బండి చుట్టూ తిరిగి చూశాడు. పెద్దమనిషి కదా, తెలివైన మాట ఏదైనా అంటాడేమోనని సుమ ఆశపడింది.

"ఎత్తుగున్నది. మొగోని బండంటె గిట్లుండాలె," అన్నాడు ముసలాయన. తండ్రికి తగ్గ కొడుకు, కొడుకుకు తగ్గ తండ్రి.

ఆ ఎత్తుకు ముసలాయన కాలు లేవలేదు. నులకమంచం తెచ్చి పక్కన వేశారు. మంచం మీది నుంచి ఇద్దరు పట్టి ఎక్కించారు. డప్పులు మోగాయి. సారు బండి కదిలించాడు. గుడి వెనక మలుపు దాకా అంతా బాగానే ఉంది. ఆ మలుపులో ఒక మేకపిల్ల అడ్డం వచ్చింది. సారు బ్రేకు నొక్కి, అలవాటుగా కాలు కింద పెట్టాడు.

కింద నేల లేదు. అంటే ఉంది, సారు కాలికి దూరంగా ఉంది. వెనక తండ్రి బరువు, పక్కన పెట్టెల బరువు, అన్నీ ఒక్కసారే ఎడమవైపుకు వాలాయి. ఎడమవైపున మొండయ్య మిర్చి కల్లం. పక్క ఊరి మొండయ్య ఏటా తండా దగ్గర జాగా తీసుకుని అక్కడే కాయ ఆరబోస్తాడు. ఎండి గలగలలాడుతున్న ఎర్రటి మిర్చిలోకి తండ్రీ కొడుకులు, బండి కలిసి పోయారు. మిరపఘాటు లేచింది. డప్పుల వాళ్లకు మొదలైన తుమ్ములు తండా చివరి ఇంటిదాకా పాకాయి.

"నా మిర్చి! నా మిర్చంత ఆగమైపాయె!" అని మొండయ్య నెత్తి కొట్టుకున్నాడు. "సారూ, లడక్ పోతనంటివి, గీడికెందుకు వచ్చినవ్?"

సుమ ముందు ముసలాయన దగ్గరికి పరుగెత్తింది. చేతులూ కాళ్లూ వత్తి చూసింది. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి, కళ్లు మాత్రం నిప్పులయ్యాయి. ఆడవాళ్లు మామనూ మొగుణ్నీ బోరింగు దగ్గరికి తీసుకుపోయి నీళ్లు కొట్టారు. కల్లంలో బండి ఒక్కటే మిగిలింది. నూనె కారి కాయంతా పాడైతదని మొండయ్య గోల. మగవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటూ దూరం నుంచి సలహాలిస్తున్నారు.

సుమ కొంగు ముక్కుకు కట్టుకుని కల్లంలో దిగింది. మరదలు అనితను పిలిచింది. ఇద్దరూ చెరో పక్క పట్టి బండిని లేపారు. ఎక్కి చూసింది. రెండు కాళ్లూ అందలేదు. ఒంటిని కాస్త ఎడమకు జరిపి, సీటు అంచు మీదికి వచ్చింది. ఎడమకాలు నిండుగా నేల మీద ఆనింది. ఒక్క కాలు చాలు. బయ్యారంలో మిర్చి బస్తా వెనక ఉన్నప్పుడు తండ్రి బండి మీద ఆమె కూర్చున్నది ఇలాగే. బండి స్టార్ట్ చేసి, కల్లం దాటించి, గుడి మలుపు తిప్పి, మామ ఇంటి ముందు తెచ్చి ఆపింది.

అప్పుడు ఆమెకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంత చిన్న కిటుకు! పిర్ర పక్కకు జరిపితే సారు కాలు కూడా అందుతుంది. కానీ గంభీరమైన బండి మీద పక్కకు జరిగి కూర్చుంటే పొట్టివాడని తెలిసిపోతుంది కదా. అందుకని తండ్రిని మిర్చిలో పడేశాడు. పైగా, నీకు అందదు అన్నాడు. ఆ మాట తానెందుకు నమ్మిందా అని తన మీద తనకే రోత పుట్టింది.

"బ్యాలెన్సు మంచిగలేదు. కంపెనోని తప్పు," అన్నాడు సారు సాయంత్రం, వాచిన కళ్లతో.

తండా నుంచి తిరిగొచ్చాక తమ ఇంటి ముందు బండికి ముసుగు పడింది. ఆదివారం ఆదివారం ముసుగు తీసి, తుడిచి, ఫొటో తీసి, పంతుళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం వరకే సారు సవారీ. శ్రీరామనవమికి బండి మీద పోహ్రాదేవికి పోతున్నానని మాత్రం మండలమంతా చాటాడు. ఆయన సంఘం మీటింగులకు పోయినప్పుడల్లా సుమ ముసుగు తీసి టేకుమట్ల రోడ్డు మీద బండిని పరుగెత్తించి వచ్చేది. సారు మీటర్ చూసేవాడు. అంకె పెరిగిందని తెలిసేది. నోరు మాత్రం విప్పేవాడు కాదు.

నవమి దగ్గరపడింది. వెనక మనిషిని ఎక్కించుకుని అంత దూరం నడపడం తన వల్ల కాదని సారుకు తెలుసు. పోనంటే పంతుళ్లు బతకనివ్వరు. చివరికి బయల్దేరే ముందు రోజు సుమ దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"రేపు తండాల అందరు సాగనంపుతరు. తండా దాటేదాక నేనొక్కణ్నే నడుపుత. నువ్వు నడుచుకుంట రోడ్డు మీదికి రా. ఆడికెల్లి మొత్తం నువ్వే నడుపు. ఎవరికి తెలుస్తది?"

"నేను నడుచుకుంట రావాల్నా?"

"జర అర్థం చేసుకో సుమా. సారు భార్య నడుపుతుంటే వెనక సారు కూసున్నడంటె..."

ఆమె లేచి, ప్రయాణానికి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. జవాబు పొద్దుటికి దాచుకుంది.

పొద్దున తండా అంతా గుడి ముందు చేరింది. సారు కొత్త జాకెట్ తొడిగి, మోకాళ్లకు చిప్పలు కట్టుకుని, తండ్రి కాళ్లు మొక్కుతూ వంగాడు. లేచేసరికి బండి మీద సుమ ఉంది. ఇంజను మోగుతోంది.

"ఎక్కు," అంది.

డప్పులు ఆగిపోయాయి. సారు ఆమెను చూశాడు, జనాన్ని చూశాడు, తండ్రిని చూశాడు. ఎక్కడా ఆసరా దొరకలేదు.

"నువ్వు పో... నేను రోడ్డు దాక నడిచొస్త. కాళ్లు సాగుతయి," అన్నాడు నవ్వు తెచ్చుకుని.

సుమ ఆయన్ను బతిమాలలేదు. గేరు వేసి వెళ్లిపోయింది.

రోడ్డు మీద తుమ్మచెట్టు నీడలో బండి ఆపి ఆమె చాలాసేపు ఎదురుచూసింది. లడక్ చలికి కుట్టిన జాకెట్‌లో, చైత్రం ఎండలో, చెమటలు కక్కుకుంటూ ప్రేమ్‌చంద్ సారు నడిచి వచ్చాడు. పెళ్లాం వెనక కూర్చోవడం కంటే ఈ ఉడుకే నయమనుకున్న మనిషిని చూస్తే ఆమెకు జాలి కలగలేదు. కలగాలేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. కలగలేదు.

సారు అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరని నిమ్మళించి, పెట్టె మీద కాలు పెట్టి వెనక ఎక్కాడు.

"ఇగ పోనియ్."

సుమ బండి తిప్పింది. మహారాష్ట్ర వైపు కాదు, తండా వైపు.

"అరే, తొవ్వ గటు కద! యాడికి?"

"నాకెరుకే," అంది సుమ. "పోయేటప్పుడు నేనే, వచ్చేటప్పుడు నేనే. గది అందరికి చెప్పే పోదాం."

మొదటి ఇళ్లు కనిపించాయి. గుడి ముందు జనం ఇంకా కదల్లేదు. హీర్యా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. వెనక టపుక్కున చప్పుడైంది. ప్రేమ్‌చంద్ సారు హెల్మెట్ నల్లద్దం కిందికి దించుకున్నాడు.

సుమ బండి ఆపింది. ఒంటిని ఎడమకు జరిపి, కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగి ఆ అద్దాన్ని తన చేత్తో పైకి ఎత్తింది.

"మొఖం కనవడనియ్యి సారూ," అంది.